రక్తపు తేటలోని కావలి



రక్తమును ఒక గాజుపాత్రలో పట్టి కదల్పక యుంచినయెడల అది కొంతసేపటికి గడ్డకట్టును. మఱికొంతసేపటికి ఆ గడ్డ ముడుచుకొని, దాని చుట్టును లేతపసుపు వన్నెగల తేట యూరి నిలుచును. ఈ తేటను వైద్యులు సీరము అందురు. చూచుట కిది గంజితేటవంటి సామాన్యద్రవము. ఇందు రక్తకణములు లేవు. అయినను అప్పుడే తీసిన ఈ తేటలో కొన్ని జాతుల సూక్ష్మజీవులను వేసినచో అవి కొంతసేపటిలోనే నశించును. ఆ తేటనే సెంటిగ్రేడు 56 డిగ్రీల వేడిలో అరగంటసేపు ఉంచి, చల్లార్చి, మరల ఆ సూక్ష్మజీవులనే వేసిచూడుడు. అవి చావవు సరికదా, ఆ తేటనే ఆహారముగా గొని వృద్ధిపొందును. తేట రంగు మాఱలేదు, వాసన మాఱలేదు. కాని వేడికి దానినుండి ఏదో యొకటి పోయినది. ఆ పోయిన దేమి?

ఈ చిన్నప్రశ్నకు సమాధానము వెదకుటలో శాస్త్రజ్ఞులు నూఱు సంవత్సరములకు పైగా శ్రమించిరి. ఆ చరిత్రను సంగ్రహముగా మీకు విన్నవింపదలచితిని. వేడికి నశించు ఆ శక్తికి శాస్త్రములో 'కాంప్లిమెంటు' అని పేరు. మన భాషలో దీనిని పూరకము అనవచ్చును. పూరకమనగా మఱియొకదాని కొఱతను నింపునది. తనంత తాను నిలువలేనిది. ఈ పేరు దాని నిజస్థితికి తగినది కాదని చెప్పుటయే నా యుద్దేశము. తగని పేరు ఎట్లు వచ్చెనో, ఆ పేరు వెనుక దాగిన సత్యమును ముందుగా చూచిన యొక పండితునికి ఏమి జరిగెనో వినుడు.

1880 ప్రాంతమున పాశ్చరు, కోఖు అను మహనీయుల కృషివలన సూక్ష్మజీవులే అనేక రోగములకు కారణమను విషయము స్థిరపడెను. వెంటనే దానికి ఎదురుప్రశ్న పుట్టెను. ఈ సూక్ష్మజీవులు గాలిలో, నీటిలో, మట్టిలో, మన చర్మముమీద, ఎల్లెడల నున్నవి గదా. మఱి మనమందఱమును ఏల చావకున్నాము? ఊరిలో వాంతిభేది తగిలినప్పుడు ఒకే చెఱువునీరు త్రాగినవారిలో కొందఱు పోవుటయు, కొందఱు బ్రతుకుటయు ఏల?

దీనికి మొదట సమాధానము చెప్పినవాడు నాటి రష్యాసామ్రాజ్యమున జన్మించిన మెచ్నికాఫ్ అను జంతుశాస్త్రజ్ఞుడు. ఆయన 1882లో సిసిలీద్వీపమునందలి మెస్సీనా పట్టణమున నుండి సముద్రజీవులను పరిశీలించుచుండెను. సముద్రనక్షత్రమను ప్రాణియొక్క పిల్లపురుగు గాజువలె పారదర్శకముగా నుండును. ఆయన గులాబిముల్లును దాని శరీరములో గ్రుచ్చి, మఱునాటి యుదయమున సూక్ష్మదర్శనితో చూచెను. ముల్లు చుట్టును సంచారకణములు మూగియుండెను. మన రక్తములోని తెల్లకణములును ఇట్లే శత్రువును చుట్టుముట్టి మ్రింగివేయుననియు, అదియే మన రక్షణమనియు ఆయన సిద్ధాంతము చేసెను. ఆ కణములకు భక్షకకణములని పేరువచ్చినది.

జర్మనీదేశపు పండితులు పలువురు దీనిని సమ్మతింపలేదు. 1888లో గాటింగెన్ నగరమున జార్జి నట్టాల్ అను యువకుడు మెచ్నికాఫ్ చెప్పినది పరీక్షింపబూనెను. పసరములకు వచ్చు ఆంత్రాక్సు అను దొమ్మరోగపు క్రిములను ఆయన రక్తముతో కలిపి చూచెను. భక్షకకణములు మ్రింగకముందే, మ్రింగని చోటులందును, క్రిములు చచ్చుచుండెను. ఆ రక్తమును 55 డిగ్రీల వేడికి గురిచేసినచో ఆ శక్తి పోవుచుండెను. మఱుసటి సంవత్సరమున మ్యూనిక్ నగరపు హాన్స్ బుఖ్‌నర్ కణములను వేఱుచేసిన ఉత్త తేటలో సైతము ఈ శక్తి కలదని చూపి, దానికి 'అలెక్సిను' అని పేరిడెను. గ్రీకుభాషలో ఈ మాటకు కాపాడునది యని భావము. ఈ పేరు చక్కనిది; కాని నిలువలేదు.

ఇట్లు రెండు పక్షములు ఏర్పడెను. రక్షణమంతయు కణములదని పారిస్ నగరమున మెచ్నికాఫ్ పక్షమువారు. కాదు, ద్రవములదని జర్మనీవారు. 1870లో ఆ రెండు దేశములకును యుద్ధము జరిగియుండెను. ఆ వేడి ఇంకను చల్లాఱలేదు. శాస్త్రవాదములందును దాని సెగ కొంత తగిలెను.

ఈ వాదము నడుమ కలరా క్రిమి రంగమున ప్రవేశించినది. ఈ క్రిమిని 1884లో రాబర్ట్ కోఖు మన కలకత్తానగరమున రోగుల ప్రేగులనుండి తీసి పెంచిన సంగతి మీలో కొందఱు ఎఱిగియుందురు. పది సంవత్సరముల పిమ్మట, 1894లో, కోఖు శిష్యుడైన రిచర్డ్ ఫైఫర్ ఆ క్రిములతోనే ఒక వింతను చూచెను. ముందుగా కలరాక్రిములను కొద్దికొద్దిగా ఎక్కించి అలవాటుచేసిన గినీపందుల యుదరములో అవే క్రిములను మరల ప్రవేశపెట్టగా, చుఱుకుగా నీదులాడు ఆ క్రిములు కదలిక మాని, ఉబ్బి, చిన్నచిన్న ముద్దలై, తుదకు ఉప్పు నీటిలో కరగినట్లు కరగిపోయెను. దీనికి ఫైఫర్ దృగ్విషయమని పేరు వచ్చినది. కాని గాజునాళికలో ఇది ఆయనకు సరిగా జరుగలేదు. జంతువు దేహములో జరుగునది గాజునాళికలో ఏల జరుగదు?

ఈ చిక్కును విడదీసినవాడు బెల్జియందేశస్థుడైన జూల్స్ బోర్డే. ఆయన 1870లో జన్మించెను. 1895 నాటికి ఇరువదియైదేండ్ల యువకుడు. పారిస్‌లోని పాశ్చరు సంస్థలో మెచ్నికాఫ్ కడనే పనిచేయుచుండెను. ఆయన చేసిన ప్రయోగము వినుటకు సులభము. కలరాక్రిములకు అలవాటుపడిన జంతువుయొక్క సీరమును వేడిచేసెను. అది క్రిములను చంపలేకపోయెను. క్రిముల నెన్నడును ఎఱుగని మఱియొక జంతువుయొక్క తాజాసీరమును తీసికొనెను, అదియు చంపలేకపోయెను. ఈ రెండును కలిపెను. క్రిములు కరగిపోయెను.

అనగా పని జరుగుటకు రెండు వస్తువులు కావలెను. ఒకటి రోగమునకు అలవాటుపడిన జంతువులోనే పుట్టునది, ఆ రోగపు క్రిమిని మాత్రమే గుఱుతుపట్టునది, వేడికి ఓర్చునది. దీనినే మనము నేడు ప్రతిదేహము అనుచున్నాము. రెండవది ప్రతి జంతువులోను పుట్టుకతోనే యుండునది, ఏ యొక్క క్రిమికిని ప్రత్యేకముగా చెందనిది, వేడికి నశించునది. ఇదియే బుఖ్‌నర్ అలెక్సిను.

1898లో బోర్డే మఱియొక యడుగు ముందుకు వేసెను. కుందేటి రక్తమును గినీపందులకు ఎక్కించి, వాని సీరములో కుందేటి ఎఱ్ఱకణములను వేయగా, అవియు కలరాక్రిములవలెనే పగిలిపోయెను. ఆ సీరమును వేడిచేసినచో పగులలేదు. ఇది సామాన్యమైన సంగతిగా కనబడవచ్చును. కాని దీనివలన గొప్ప సౌకర్యము కలిగెను. ఎఱ్ఱకణములున్న నీరు మసకగా నుండును. కణములు పగిలినచో అది మద్యమువలె తేటయైన ఎఱుపునకు తిరుగును. కావున ఈ శక్తి యున్నదో లేదో సూక్ష్మదర్శని లేకుండ, క్రిములతో అపాయము లేకుండ, కంటితో చూచి చెప్పవచ్చును. తరువాతి శోధనలలో ఎక్కువభాగము ఈ ఎఱ్ఱనీటి నాళికలతోనే జరిగెను.

ఇంతలో జర్మనీలో పాల్ ఎర్లిఖ్ అను మహాపండితుడు, మార్గెన్‌రోత్ అను సహచరునితో కూడి, ఈ విషయమును చేపట్టెను. ఆయన దృష్టిలో ప్రతిదేహమే ముఖ్యము. ప్రతిదేహమునకు రెండు చేతులున్నవనియు, ఒక చేతితో క్రిమిని, మఱియొక చేతితో ఈ వేడికి పోవు వస్తువును పట్టుకొనుననియు, ఆ వస్తువు ప్రతిదేహపు పనిని పూర్తిచేయు సహాయమాత్రమనియు ఆయన తలచెను. కావున 1899లో దానికి 'కాంప్లిమెంటు' అను పేరు పెట్టెను. ఈ పేరే లోకములో నిలిచెను.

బోర్డే దీనిని ఒప్పుకొనలేదు. ఆయన చెప్పిన యుపమానము మన బందరు కలంకారీ పనివారికి సులభముగా బోధపడును. గుడ్డకు పటిక పట్టిన చోటనే ఎఱుపురంగు గట్టిగా అంటుకొనును. పటిక లేని చోట నిలువదు. అట్లే ప్రతిదేహము క్రిమికి పటికవలె పట్టి, పూరకము పనిచేయుటకు తగిన చోటును సిద్ధపఱచుచున్నదని బోర్డే యభిప్రాయము. మఱియు పూరకము ఒక్కటే యని బోర్డే. కాదు, అనేకములని ఎర్లిఖ్. ఈ తగవు ఎన్నో సంవత్సరములు సాగెను. నేడు వెనుదిరిగి చూచినచో పూరకము అనేకమని చెప్పిన ఎర్లిఖ్ మాటయు, ప్రతిదేహము చోటు చూపును గాని చంపదన్న బోర్డే మాటయు నిలిచినవి. బోర్డేకు 1919వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించెను.

కణములకును ద్రవములకును జరిగిన పెద్దవాదము మాత్రము అంతకుముందే సంధి దారి పట్టెను. 1903లో లండనులో ఆమ్రోత్ రైట్, డగ్లస్ అనువారు సీరములోని కొన్ని పదార్థములు క్రిములకు పూతవలె అంటుకొని, భక్షకకణములు వానిని సులభముగా మ్రింగునట్లు చేయుచున్నవని చూపిరి. వంటవాడు అన్నమునకు రుచి కూర్చినట్లు ఇవి క్రిమిని భోజనమునకు సిద్ధపఱచును. ఆ రుచి కూర్చు పదార్థములలో ఒకటి వేడికి నశించునది. అదియు పూరకమే యని తరువాత తేలినది. కణములును, ద్రవమును వేఱువేఱు సేనలు కావు. ఒకే సేనలోని రెండు దళములు. 1908లో మెచ్నికాఫ్‌కును, ఎర్లిఖ్‌కును నోబెల్ బహుమానమును సమముగా పంచియిచ్చుట ఉచితముగానే యున్నది.

ఇచట పూరకమునకు ఒక వింతగతి పట్టినది. 1901లో బోర్డేయు, ఆయన బావమఱదియైన జాంగూయును ఒక సంగతి కనుగొనిరి. ప్రతిదేహము తన శత్రువును పట్టుకొన్నప్పుడెల్ల అక్కడ పూరకము ఖర్చగును. కావున ఒక నాళికలో పూరకము మిగిలెనో లేదో ఎఱ్ఱకణములతో పరీక్షించినచో, ఆ సీరములో ఫలాని రోగపు ప్రతిదేహము కలదో లేదో తెలిసికొనవచ్చును. దీని నాధారముగా గొని 1906లో వాసర్‌మన్, ఆయన సహచరులు సవాయిరోగమునకు రక్తపరీక్షను కల్పించిరి. ఆ పరీక్ష అనేక దశాబ్దములు లోకమంతటను వాడబడెను; ఇప్పుడు దాని స్థానమును వేఱు పరీక్షలు ఆక్రమించినవి. ఇట్లు పూరకము ప్రయోగశాలలో పరిచారకుడయ్యెను. గినీపందుల సీరమును తెచ్చుట, కొలిచి పోయుట, పరీక్ష ముగియగానే పాఱబోయుట జరుగుచుండెను గాని, మన దేహములో అది ఏమి చేయుచున్నదని అడుగువారు తగ్గిరి.

అయినను కొందఱు దానిని విడదీసి చూచుటకు ప్రయత్నింపకపోలేదు. 1907లో ఫెర్రాటా అను ఇటలీ పండితుడు సీరములోని లవణములను తొలగింపగా పూరకము రెండు భాగములుగా విడిపోయెను. ఒక్కొక్కటియు వేఱుగా నిరర్థకము; కలిపినచో మరల పనిచేయును. మూడవ భాగమును కనుగొనుటకు మన నాగుపాము తోడ్పడెను. నాగుపాము విషము పూరకమును నశింపజేయునని 1903లోనే ఫ్లెక్స్‌నర్, నొగూచి అనువారు చూపియుండిరి. ఆ విషము తగిలిన సీరములో మొదటి రెండు భాగములు నిలిచియున్నను పని జరుగలేదు. కావున మూడవది యొకటి కలదని తేలినది. పిండిని పులియించు ఈస్టును కలిపినను ఈ మూడవదియే నశించును. 1926లో అమ్మోనియా తగిలించిన సీరములో ఇంకొకటి లోపించుట చూచి నాల్గవ దానిని గుర్తించిరి.

నేను విద్యార్థిగా నున్నప్పుడు ఈ భాగముల వరుసను వల్లించుట నాకు చిక్కుగా నుండెడిది. అవి పనిచేయు వరుస ఒకటి, నాలుగు, రెండు, మూడు. ఆ పిమ్మట అయిదునుండి తొమ్మిదివఱకు. ఇదేమి లెక్క యని విసుగుకొనెడివాడను. తరువాత తెలిసినది: అంకెలు ప్రకృతి పెట్టినవి కావు, మనుష్యులు కనుగొన్న క్రమమున పెట్టినవి. ప్రకృతిలో రెండవదిగా నుండునది మన కంటికి నాల్గవదిగా చిక్కెను.

ఇక ఈ చరిత్రలో మిక్కిలి విషాదకరమైన ఘట్టమునకు వత్తును. అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరమున వెస్టర్న్ రిజర్వు విశ్వవిద్యాలయములో లూయీ పిల్లెమర్ అను రసాయనజ్ఞుడు పూరకమును శుద్ధిచేయుటలో ప్రవీణుడు. ఈస్టు కణముల పైపొరనుండి తీసిన పదార్థముతో ఆయన ప్రయోగములు చేయుచు ఒక విశేషమును గమనించెను. 37 డిగ్రీల వెచ్చదనములో ఆ పదార్థము సీరములోని మూడవ భాగమును నశింపజేయును. 17 డిగ్రీలలో దాని జోలికి పోదు. కాని 17 డిగ్రీలలో ఈస్టుపొరను కలిపి, తీసివేసి, ఆ సీరమునకు మరల 37 డిగ్రీలలో క్రొత్త ఈస్టుపొరను కలిపినచో, ఈసారి మూడవ భాగము చెక్కుచెదరక నిలిచెను. అనగా మొదటి ఈస్టుపొర చల్లదనములో ఏదో యొక దానిని తనతో పట్టుకొనిపోయెను. అది లేనిదే మూడవ భాగము కదలదు. ఆ వస్తువునకు పిల్లెమర్ 'ప్రొపెర్డిను' అని పేరుపెట్టెను. 1954లో ఆ ఫలితములను ప్రకటించుచు, ప్రతిదేహముల యవసరము లేకుండనే పూరకమును మేల్కొల్పు వేఱొక మార్గము కలదని చాటెను.

ఇది నాటి పండితులకు వినగూడని మాట. పూరకము ప్రతిదేహమునకు తోడు. తోడు వచ్చినవాడు పిలువకయే పనికి పూనుకొనునా? పత్రికలు మొదట ఈ వార్తను గొప్పగా ప్రకటించెను. దానివలన అనుమానములును హెచ్చెను. రాబర్ట్ నెల్సన్ అను మఱియొక శాస్త్రజ్ఞుడు, పిల్లెమర్ చూపినదంతయు సీరములో సహజముగా నుండు స్వల్పమైన ప్రతిదేహములవలన జరిగియుండవచ్చును గదా యని విమర్శించెను. ఆ విమర్శ 1958లో అచ్చయ్యెను. అది తర్కమునకు నిలిచిన విమర్శ. నెల్సన్ అల్పుడు కాడు. పూరకములోని తొమ్మిది భాగములను విడదీయు పద్ధతులను 1966లో ప్రకటించినవారిలో ఆయనయే ప్రముఖుడు. కాని ప్రొపెర్డినును మిక్కిలి శుద్ధముగా చేసి చూపినగాని ఈ వాదము తెగదు. నాటి పద్ధతులకు అది సులభము కాదు. పిల్లెమర్ దానిని చూడలేదు. తన మాట నిజమని లోకము ఒప్పుకొనకముందే 1957లో ఆయన మరణించెను. ఆయన సిద్ధాంతమును పది సంవత్సరములపాటు పలువురు ప్రక్కకు త్రోసివేసిరి.

అయితే ఆయనతో పనిచేసిన లెపో మొదలగువారు పట్టు విడువలేదు. 1968లో వారు మిక్కిలి శుద్ధమైన ప్రొపెర్డినును చేసి, అది ప్రతిదేహము కాదని చూపిరి. 1970లో అమెరికాలో నాల్గవ భాగము పుట్టుకతోనే లేని గినీపందుల జాతి యొకటి బయటపడెను. ప్రతిదేహము చూపు పాతమార్గమున నాల్గవది లేనిదే అడుగు సాగదు. అయినను ఈ జంతువుల సీరములో మూడవ భాగము మేల్కొనుచుండెను. మార్గము వేఱొకటి కలదనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను? 1971 ప్రాంతమున ఆ మార్గములోని ఇతర భాగములను గూడ ఒక్కొక్కటిగా విడదీసిరి. పిల్లెమర్ చెప్పినది నిజమయ్యెను. కాని చెప్పినవాడు లేడు.

ఇప్పుడు ఈ యంత్రము పనిచేయు తీరును మనము స్థూలముగా తెలిసికొనవచ్చును. పూరకమనునది ఒక్క వస్తువు కాదు. ముప్పదికి పైగా మాంసకృత్తుల కూటమి. అందు ముఖ్యమైనది మూడవ భాగము. లీటరు సీరములో ఇది సుమారొక గ్రాము ఉండును. ఇది ముడుచుకొన్న చేయివంటిది. దీనిని కొంత కోసినచో ఆ చేయి విచ్చుకొని, ఆ క్షణములో దగ్గఱనున్న దేనినైనను గట్టిగా పట్టుకొనును. ఏమియు చిక్కనిచో నీటితో కలిసి వ్యర్థమైపోవును. ప్రతిదేహము చోటు చూపినచో మొదటి, నాల్గవ, రెండవ భాగములు వరుసగా మేల్కొని ఈ మూడవ దానిని కోయును. ఇది బోర్డే మార్గము. ఎవరును చోటు చూపకున్నను ఈ మూడవ భాగము కొద్దికొద్దిగా తనంతట విచ్చుకొనుచునే యుండును. రాత్రి గస్తీ తిరుగు తలారి ప్రతి తలుపును తట్టి చూచినట్లు, ఇది తగిలిన ప్రతి దానిని తట్టును. మన కణములు 'ఇంటివారమే' యని తెలుపు గుఱుతులను పైపొరమీద ధరించియుండును. అచట అది చల్లాఱును. క్రిమికి ఆ గుఱుతులు లేవు. అచట ఒకటి అంటుకొనగానే అది మఱికొన్నింటిని, అవి మఱికొన్నింటిని పిలుచును. కొద్ది నిమిషములలో క్రిమియొడలు నిండిపోవును. ఈ గుంపు విడిపోకుండ పట్టియుంచునదియే ప్రొపెర్డిను. ఇది పిల్లెమర్ మార్గము. క్రిముల పైనుండు చక్కెరజాతి పదార్థములను గుర్తించి మేల్కొను మూడవ మార్గము 1992 ప్రాంతమున స్పష్టమైనది.

ఏ మార్గమున మేల్కొన్నను పూరకము చేయు పనులు మూడు. మొదటిది, క్రిమికి పూతవలె అంటుకొని భక్షకకణములకు అప్పగించుట. రెండవది, కోతలో తెగిపడిన చిన్నతునకలు దండోరా వేసినట్లు చుట్టుపట్ల తెల్లకణములను పిలుచుట. గాయము ఎఱ్ఱబడి వాచుటకు ఇది యొక కారణము. మూడవది, అయిదునుండి తొమ్మిదివఱకుగల భాగములు కూడి క్రిమి పైపొరలో గుండ్రని రంధ్రము చేయుట. 1964లో ఎలక్ట్రాను సూక్ష్మదర్శనితో ఈ రంధ్రముల ఛాయాచిత్రములను ప్రకటించిరి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో లక్షవ భాగమంత. ఫైఫర్ కన్నులయెదుట కలరాక్రిములు కరగిపోయినది వీనివలననే. మందమైన గోడగల క్రిములమీద ఈ రంధ్రములు పాఱవు. వానికి మొదటి రెండు పనులే శరణ్యము.

ఇంతటి యాయుధము ఇంటిలో నుండగా ఇంటివారికి భయము లేదా యని మీరడుగవచ్చును. కలదు. కంచె చేను మేసినచో కాచువారెవరు? కొందఱిలో ఎఱ్ఱకణములకు పైన చెప్పిన ఇంటిగుఱుతులు లోపించును. అప్పుడు స్వకీయమైన పూరకమే ఆ కణములను పగులగొట్టును. ఉదయమున మూత్రము ముదురురంగున వచ్చును. రోగి రక్తహీనతతోను, నాళములలో రక్తము గడ్డకట్టుటచేతను బాధపడును. 2007లో అమెరికాలో ఈ రోగమునకు ఒక మందు అంగీకరింపబడెను. అది అయిదవ భాగమును పట్టి ఆపివేయును. కాని ఆ మందు పుచ్చుకొనువారికి ముందుగా మెదడుపొరల వాపును కలిగించు మెనింగోకాకస్ అను క్రిమికి టీకా వేయవలెను. ఏలయన, పుట్టుకతో ఈ చివరి భాగములు లేనివారికి ఆ క్రిమి మాటిమాటికి సోకుచుండుట వైద్యులు 1970 తరువాతి సంవత్సరములలో గమనించియుండిరి. మూడవ భాగమే లేనివారికి చీముపట్టు రోగములు చిన్ననాటినుండియే తఱచుగా వచ్చును. కావలివాడు చేయు పని యేమో అతడు లేని యిండ్లను చూచినచో తెలియును.

చివరగా ఒక్క సంగతి. ప్రతిదేహములు పుట్టునది దవడలుగల చేపలు మొదలుకొని పైజాతి జంతువులలోనే. అంతకు దిగువనున్న ప్రాణులలో అవి లేవు. కాని 1990 తరువాతి సంవత్సరములలో సముద్రపు ఉర్చిను అను ముండ్లప్రాణిలో మూడవ భాగమునకు సాటియైన మాంసకృత్తును కనుగొనిరి. ఈ ప్రాణి మెచ్నికాఫ్ ముల్లు గ్రుచ్చిన సముద్రనక్షత్రమునకు దగ్గఱ చుట్టము. అనగా ప్రతిదేహము పుట్టుటకు కోట్ల సంవత్సరములకు ముందే పూరకము సముద్రజీవులలో కావలి కాయుచుండెను. తోడు వచ్చినవాడని మనము తలచినవాడే ఇంటికి పెద్ద. ప్రతిదేహము అతనికి చోటు చూపుటకు తరువాత వచ్చిన చిన్నవాడు. పేరు మాత్రము తలక్రిందులుగా నిలిచినది. అయిదవ తరగతి పిల్లవాడైనను పేరునుబట్టి వస్తువును తూచరాదని చెప్పును. మహాపండితులు సైతము అరువదియేండ్లు ఆ పేరునకు లోబడిరి.

నేడును రక్తపరీక్షాశాలలలో సీరమును 56 డిగ్రీల నీటితొట్టిలో అరగంట ఉంచుట కద్దు. పూరకము పరీక్షకు అడ్డురాకుండ దానిని అణచుటకే యిది. ఆ పని చూచినప్పుడెల్ల నాకు నట్టాలును, బోర్డేయును, ముఖ్యముగా పిల్లెమరును జ్ఞప్తికి వత్తురు. వేడికి పోవు ఆ శక్తి ఏమి యని వారు అడుగకున్నచో, అది మనలో నున్నదని కూడ మనము ఎఱుగకుందుము. ఈ మాటలు వినుచున్న మీ రక్తములోను ఈ క్షణమున ఆ తలారి తలుపులు తట్టుచునే యున్నాడు.